వ్యాయామశాస్త్రమునకు ఆచార్యు లెవరు?

విశ్వవిద్యాలయములో గణితశాఖకు పోయి, అచ్చటి ఆచార్యులు పూర్వ మేమి చదివిరని అడిగినచో, గణితమే చదివితిమని చెప్పుదురు. సంస్కృతశాఖలో సంస్కృతము చదివినవారే యుందురు. ఆరోగ్యమును, వ్యాయామమును, క్రీడలను బోధించు శాఖలో ఈ ప్రశ్న వేసినచో మాత్రము ఒకే సమాధానము రాదు. ఒకరు వైద్యులు, ఒకరు మనశ్శాస్త్రజ్ఞులు, ఒకరు రసాయనశాస్త్రము నభ్యసించినవారు, మరియొకరు యౌవనమంతయు పరుగుపందెముల మైదానమున గడపినవారు. ఈ శాస్త్రము విశ్వవిద్యాలయములలో కాలుమోపిన నాటినుండియు దాని గురువు లిట్లే పలు త్రోవల వచ్చిరి. ఆ త్రోవ లెట్టివో, వానివలన ఈ శాస్త్రమునకు కలిగిన మేలెంతో, చిక్కు లెన్నియో కొంచెము విచారింతము.

అమెరికాదేశమున మాసచూసెట్స్ రాష్ట్రములో ఆమ్హర్‌స్టు అను కళాశాల కలదు. 19వ శతాబ్ది మధ్యభాగమున దాని యధ్యక్షుడగు విలియం స్టెర్న్సు, విద్యార్థుల యారోగ్యము చదువు భారమున క్రుంగిపోవుట చూచి మిక్కిలి చింతించెను. బుద్ధిని పెంచుచు దేహమును చెరుపు విద్య యేమి విద్య యని ఆయన తలపోసెను. ఆ చింత ఫలముగా 1860లో ఆరోగ్య వ్యాయామములకు ప్రత్యేకశాఖ యేర్పడెను. 1861లో దాని భారము వహించినవాడు ఎడ్వర్డు హిచ్‌కాక్. ఆయన మల్లుడు కాడు, వైద్యుడు. 1853లో హార్వర్డులో వైద్యపట్టము పొంది, రసాయనశాస్త్రమును, ప్రకృతిశాస్త్రమును బోధించుచుండినవాడు. కళాశాలవారు ఆయనకు తక్కిన ఆచార్యులతో సమానమైన పీఠ మిచ్చిరి. విద్యార్థులు పియానో వాద్యమున కనుగుణముగా కొయ్య డంబెల్సు త్రిప్పుచుండిరి. హిచ్‌కాక్ వారి ఎత్తు, బరువు, రొమ్ము చుట్టుకొలత, కండబలము వరుసగా కొలిచి వ్రాసి యుంచెను. 1911లో మరణించువరకు, అనగా ఏబదియేండ్లు, ఆయన ఆ పీఠముననే యుండెను. వైద్యుని త్రోవ తెచ్చిన కానుక కొలత.

రెండవ త్రోవ గోదానుండి వచ్చినది. డడ్లీ సార్జెంటు 1849లో జన్మించెను. బాల్యముననే దండెములపై విన్యాసములు నేర్చి, సర్కసులో ప్రదర్శనము లిచ్చిన యువకుడు. 1869లో బౌడిన్ కళాశాలవారు ఆయనను వ్యాయామశాలాధికారిగా పిలిచిరి. తాను కసరత్తు నేర్పుచున్న కళాశాలలోనే ఆయన విద్యార్థిగా చేరి 1875లో పట్టభద్రుడయ్యెను. పిదప 1878లో యేల్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము గ్రహించెను. 1879లో హార్వర్డువారు ఆయనను తమ క్రొత్త వ్యాయామశాలకు అధికారిగను, సహాయాచార్యుడుగను నియమించిరి. బలహీనుడు తన శక్తికి తగినంత బరువునే లాగుటకు వీలైన కప్పీల యంత్రములను ఆయన కల్పించెను. ఒక్కొక్క దేహమును పరీక్షించి, ఒక్కొక్కరికి తగిన కసరత్తు నిర్ణయించెను. గోదాలో తాను పడి లేచిన అనుభవమే లేకున్న ఈ యంత్రములు ఆయనకు తోచియుండునా?

అట్టివాని సహాయాచార్య పదవి 1889లో పునరుద్ధరింపబడలేదు. వ్యాయామశాల మాత్రము ఆయన చేతిలోనే 1919 వరకు ఉండెను. పని యుండెను, పీఠము పోయెను. దేహమును తీర్చుట ఒక విద్యయా, లేక విద్యార్థులకు చేయు ఒక సేవయా అను సందేహము ఈ యొక్క సంఘటనలో ఇమిడియున్నది. ఆ సందేహము నేటికిని పూర్తిగా తీరలేదు.

అదే హార్వర్డులో 1891లో దేహనిర్మాణ శాస్త్రము, దేహధర్మ శాస్త్రము, వ్యాయామము కలిపి నాలుగేండ్ల పట్టపరీక్ష యేర్పడెను. జార్జి ఫిట్జ్ అను యువవైద్యుడు దానికి పూనుకొని, ప్రయోగశాల నెలకొల్పెను. వ్యాయామము మేలుచేయునని చెప్పినంత మాత్రమున చాలదు, ఏల మేలుచేయునో ప్రయోగముచే నిరూపింపవలయునని ఆయన పట్టు. ఆయన 1899లో తొలగిపోగా, ఆ శాఖయు త్వరలోనే అంతరించెను. ఒక్కని భుజములపై నిలిచిన శాఖ ఆ భుజములు తొలగినంతనే కూలుట సహజము.

మూడవ త్రోవ వేదపాఠశాల వంటి స్థలమునుండి వచ్చినది. జేమ్సు నెయిస్మిత్ కెనడా దేశమున 1861లో పుట్టి, మాంట్రియల్ నగరమున మతశాస్త్ర మభ్యసించెను. బోధకుడు కావలసినవాడు మైదానమును వలచి, 1890లో స్ప్రింగ్‌ఫీల్డునందలి వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమున చేరెను. శీతకాలమున నాలుగు గోడల నడుమ ఆడదగిన ఆట యొకటి కావలయునని ఆ విద్యాలయపు పెద్దలలో నొకడైన లూథర్ గ్యూలిక్ ఆయనను కోరెను. 1891 డిసెంబరులో రెండు పండ్లబుట్టలు గోడలకు తగిలించి, 13 నిబంధనలు వ్రాసి, నెయిస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను సృజించెను. ఆయన అంతటితో తృప్తిపడక 1898లో డెన్వరులో వైద్యపట్టము పొందెను. అదే యేట కాన్సాస్ విశ్వవిద్యాలయమున చేరి, ప్రార్థనలు జరుపుటయు, వ్యాయామము నేర్పుటయు రెండును చేసెను. ఆటయందు గెలుపుకంటె ఆడువాని నడవడిని ముఖ్యముగా నెంచుట ఈ త్రోవ తెచ్చిన కానుక.

స్ప్రింగ్‌ఫీల్డు పేరు మనకు కేవలము దూరపు పేరు కాదు. అచ్చట శిక్షణ పొందిన హారీ క్రో బక్ మద్రాసు వచ్చి, 1920లో వ్యాయామోపాధ్యాయుల పాఠశాల తెరచెను. అదియే తరువాత వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలగా ప్రసిద్ధి కెక్కెను. ఆంధ్ర జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. 1943లో ఆయన మరణించువరకు ఆ కళాశాలతోడి సంబంధము విడువలేదు. మన కోడి రామమూర్తినాయుడుగారి చరిత్ర సార్జెంటు చరిత్రకు తలక్రిందులుగా నున్నది. సార్జెంటు సర్కసునుండి పాఠశాలకు వచ్చెను. రామమూర్తిగారు వ్యాయామోపాధ్యాయులై యుండి, పిదప సర్కసు నడపి దేశదేశముల కీర్తి గడించిరి. ఆనాడు మన విశ్వవిద్యాలయములలో అట్టి మహాబలునికి తగిన పీఠము లేదు. ఆయన కెరిగిన ప్రాణాయామ రహస్యములను, కండలను బిగించు నేర్పును కొలిచి గ్రంథస్థము చేయగల ప్రయోగశాలయు లేదు. జనులు చప్పట్లు కొట్టిరి, విద్య యాయనతోనే పోయినది.

ఐరోపాలో వేరొక త్రోవ తెరువబడెను. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయము 1909లోనే వ్యాయామ సిద్ధాంతమును బోధించుటకు యోహన్నెస్ లిండ్‌హార్డు అను వైద్యుని నియమించెను. ఉత్తర ధ్రువప్రాంత యాత్రకు వైద్యుడుగా పోయివచ్చిన వాడాయన. జంతుశాస్త్రజ్ఞుడగు ఆగస్టు క్రోగ్ ఆయనతో కలిసి, పనిచేయు దేహము ప్రాణవాయువు నెట్లు గ్రహించునో పరిశోధించెను. క్రోగ్ 1920లో నోబెల్ బహుమానము పొందెను. ఇంగ్లండులో ఆర్చిబాల్డు హిల్ కేంబ్రిడ్జిలో గణితశాస్త్రము చదివి, దేహధర్మ శాస్త్రమునకు మరలినవాడు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమానములో ఆయనకు భాగము లభించెను. వేగముగా పరుగెత్తువాని దేహము అప్పటికి చాలినంత ప్రాణవాయువు దొరకక, కొంతపని అప్పుమీద జరుపుకొని, నిలిచిన పిమ్మట రొప్పుచు ఆ యప్పు తీర్చునని ఆయన చెప్పెను. తరువాతివారు ఆ వివరణమును సవరించిరి. ఐనను ఆ లెక్క వేయవలయునని మొదట తోచినది గణితజ్ఞునికే. ఆయన స్వయముగా పరుగెత్తి తన దేహమునే పరీక్షకు ఒప్పగించెనని మరువరాదు.

1927లో హార్వర్డున అలసటను పరిశోధించు ప్రయోగశాల వెలసెను. దానిని నడిపిన డేవిడ్ బ్రూస్ డిల్ రసాయనశాస్త్రజ్ఞుడు. అందు పనిచేసిన సిడ్ రాబిన్సన్ 1928 ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తినవాడు. ఆ రాబిన్సనే 1938లో, 6 ఏండ్ల బాలుడు మొదలు 91 ఏండ్ల వృద్ధుని వరకు, వయసుతో శ్రమశక్తి యెట్లు మారునో పరీక్షించి ప్రకటించెను. ఆ ప్రయోగశాల 1947లో మూతపడెను. అందలి వారు ఇతర విశ్వవిద్యాలయములకు పోయి, పోయినచోటనెల్ల క్రొత్త ప్రయోగశాలలు నాటిరి. ఒక చెట్టు పడిపోయినను విత్తులు చల్లిపోయినది.

1963లో హార్వర్డు పూర్వాధ్యక్షుడగు జేమ్సు కోనంట్, వ్యాయామవిద్యలో ఉన్నతపట్టము లనావశ్యకములని విమర్శించెను. మరుసటి యేడు బర్క్‌లీలోని ఫ్రాంక్లిన్ హెన్రీ, ఇదియు తక్కిన శాస్త్రములవలె స్వతంత్రశాస్త్రమేయని సిద్ధాంతము చేసెను. అట్లు వాదించిన హెన్రీ మనశ్శాస్త్రమున పట్టము పొందినవాడగుట గమనింపదగినది. ఇంటివారు నోరు మెదపనప్పుడు అతిథియే ఇంటి పక్షమున సాక్ష్యము పలికెను.

ఈ చరిత్రమంతయు చూడగా నాకు తోచునది ఒకటి. ఈ శాఖలో పట్టమును మాత్రమే గౌరవించినచోట సార్జెంటు వంటివారికి పీఠము పోవును. బలమును మాత్రమే మెచ్చినచోట రామమూర్తిగారి విద్య వ్రాతకెక్కక పోవును. ఈ రెండు నష్టములును చివరకు సోకునది విద్యార్థి దేహమునకే. కావున ఇట్టి శాఖలో గురువును ఎన్నుకొనువారు, నీ వేమి చదివితివని అడుగుటతో ఆగక, నీ దేహమున నీ వెరిగిన దేమి, ఇతరుల దేహమును నీ వెట్లు కొలుతువు అని కూడ అడుగవలయును. 1881లో స్త్రీలకు శిక్షణ యిచ్చుటకై సార్జెంటు ప్రారంభించిన పాఠశాల 1929లో బోస్టన్ విశ్వవిద్యాలయమున చేరి, నేడు ఆరోగ్యశాస్త్రముల కళాశాలగా ఆయన పేరనే వెలయుచున్నది. పీఠము నిలుపుకొనలేక పోయినవాని పేరు ఒక కళాశాలకే నిలిచినది.