విషాదరోగ చికిత్స - వంశవృత్తాంతము

నాదర్‌గుల్ గ్రామము నేడు హైదరాబాదు నగరములో కలిసిపోవుచున్నది. అచటి యిల్లాలొకతె యన్నము మాని, నిద్ర మాని, గోడవైపు తిరిగి కూర్చుండెనేని, చుట్టములు మొదట గాలి సోకినదందురు, పిదప గ్రహచారమందురు. కడపట నగరమున కావలి కొసనున్న ఎఱ్ఱగడ్డకు గొనిపోవుదురు. ఆ మానసిక చికిత్సాలయము 1953లో జాల్నానుండి హైదరాబాదునకు వచ్చినది. అచటనైనను వైద్యుని మొదటి చిక్కు, ఏ మందు ఎవరికి అనునదియే.

స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్, ఉన్మత్తులకు పనిచేయని ఇమిప్రమీన్ విషాదగ్రస్తులకు పనిచేయుట గమనించి 1957లో ప్రకటించెను. పిమ్మట మందులు పెక్కు వచ్చినను, ఒకరికి గుణమిచ్చినది వేరొకరి కీయలేదు. 2006లో వెలువడిన గొప్ప అమెరికా పరిశోధనయందు తొలి మందుతోనే పూర్తిగా కోలుకొన్నవారు మూడవవంతును మించలేదు.

మందులకు లొంగని తీవ్రరోగమునకు విద్యుచ్చికిత్స కలదు. 1938లో రోము నగరమున సెర్లెట్టి, బీని అనువారు దీని నారంభించిరి. తొలుత మత్తు లేకయే చేయుటచే మూర్ఛలో ఎముకలు సైతము విఱిగెడివి. 1950 ప్రాంతముల కండరములను సడలించు సక్సినైల్‌కోలీన్ వాడుకలోనికి వచ్చెను. మత్తును, ఇట్టి మందును లేనిదే ఈ చికిత్స చేయరాదని మన దేశమున 2017 నాటి చట్టము శాసించినది, మేలే చేసినది. కాని తెలుగువారి కథ యిచటనే మొదలగుచున్నది.

రక్తమందలి బ్యూటిరిల్‌కోలీనెస్టరేజ్ అను ఎంజైము ఆ మందును నిమిషములలో విఱిచివేయును. వైశ్యులలో కొందఱకు వంశపారంపర్యముగా ఇది మిక్కిలి కొఱతయనియు, జన్యువునందలి యొక్క చిన్న మార్పే దానికి కారణమనియు 2006లో కోయంబత్తూరు పరిశోధకులును వారి సహచరులును చూపిరి. తరతరములుగా కులములోనే పెండ్లిండ్లు చేసికొనుటచే అది నిలిచిపోయినది. వీరు ఆరోగ్యముగనే తిరుగుదురు. ఆ మందు పడినప్పుడే ఊపిరి గంటలకొలది తిరిగి రాక, యంత్రముతో ఊపిరి పోయవలసి వచ్చును. ముందుగా రక్తపరీక్ష చేసిన లోపము తెలియును. వేఱొక మందు వాడవచ్చును.

కులము పేరు విని రోగము నిర్ణయింపరాదు. వైశ్యులందఱకు నీ లోపము లేదు. ఇతరులకు అరుదుగా నుండును. అడుగవలసినది ఇంటి చరిత్ర. మనవారు దాచునదియు నదియే! పినతల్లి మనోవ్యాధి బయటపడిన సంబంధములు చెడునట. తాతగారికి శస్త్రచికిత్సానంతరము ఊపిరి ఆలస్యముగా వచ్చిన సంగతి యెవరికిని జ్ఞాపకమే యుండదు. పినతల్లికి ఏ మందు గుణమిచ్చెనో తెలిసిన, అదియు వైద్యునకు ఒక ఆనవాలే. ఇంటి పెద్దల నడిగి ఈ రెండు సంగతులను వ్రాసిన కాగితమొకటి రోగివెంట పంపవలెను.