హుండీలకు దొరికిన విశ్రాంతి

ప్రభుత్వం కొత్తగా ఒక సెలవు ప్రకటించినప్పుడల్లా ఉత్పత్తి దెబ్బతిన్నదని యజమానులు వాపోతారు. ప్రజలకు మేలు చేశామని పాలకులు చెప్పుకుంటారు. ఆ రోజు కూలి ఎవరివ్వాలన్న ప్రశ్న మాత్రం ఇద్దరికీ పట్టదు. ఇది నేటి అలవాటు కాదు. 1871 నాటి ఇంగ్లండు బ్యాంకు సెలవుల చట్టాన్ని చదివితే తెలుస్తుంది.

అంతకుముందు సెలవులు లేకపోలేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే 1830కి ముందు ఏడాదికి ముప్పైకి పైగా పునీతుల పండుగలు పాటించేది. 1834 నాటికి అవి 4కు దిగిపోయినవి. చేతివృత్తులవారు సోమవారం పని మానే ఆచారాన్ని జనం వేళాకోళంగా 'పునీత సోమవారం' అనేవారు. ఫ్యాక్టరీ గంట దానినీ క్రమంగా అణచివేసింది. పాత పండుగలను పనిదినాలుగా మార్చి ప్రొటెస్టెంటు మతం పెట్టుబడి పుట్టుకకు తోడ్పడిందని మార్క్సు 'పెట్టుబడి'లో ఒక పాదసూచికలో గుర్తుచేస్తాడు. కనుక 1871లో ఇచ్చినది, లాక్కున్నదానిలో కొద్ది భాగమే.

బిల్లు తెచ్చిన సర్ జాన్ లబక్ బ్యాంకరు, లిబరల్ సభ్యుడు, డార్విన్‌కు పొరుగువాడు. సహృదయుడే, సందేహం లేదు. ఈస్టరు సోమవారం, విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, డిసెంబరు 26 ఇంగ్లండు, వేల్సు, ఐర్లండులకు సెలవులయినవి. స్కాట్లండుకు వేరే జాబితా. చట్టానికి ఆమోదం మే 25న; మొదటి సెలవు మే 29న. వ్యవధి నాలుగు రోజులు!

గందరగోళమంతా హుండీల దగ్గర. క్రిస్మసు నాడు గడువు తీరే హుండీ సొమ్ము ముందురోజే చెల్లించాలి. బ్యాంకు సెలవు నాడు తీరేదానిని మరునాడు చెల్లించవచ్చు. అంటే 25వ తేదీ హుండీకి 24న, 26వ తేదీ హుండీకి 27న చెల్లింపు. పక్కపక్క రోజులకు రెండు న్యాయాలు. కాగితానికి ఇంత వివరంగా విధి రాసిన చట్టంలో కూలివాని వేతనం ఊసే లేదు. బ్యాంకులను చూసి కార్ఖానాలు, కొట్లు మూసినవి. రోజుకూలివాడు ఆ రోజు కూలి పోగొట్టుకున్నాడు. జీతంతో కూడిన సెలవుల చట్టం 67 ఏళ్ళ తరువాత, 1938లో వచ్చింది. అదికూడా వేతన మండలులు ఒక వారం వరకు ఇవ్వవచ్చునన్నదే.

తరువాతి మార్పులూ ఈ దారినే నడిచినవి. 1965లో ఆగస్టు సెలవును నెలాఖరుకు జరిపితే 1968, 69లలో అది సెప్టెంబరులో పడింది. 1978లో లేబరు ప్రభుత్వం మేడే సెలవు తెచ్చింది, కాని మే మొదటి సోమవారానికి! శ్రామికుల దినం మే 7నయినా పడవచ్చును. 2020లో ఆ సోమవారాన్నీ తప్పించి, యుద్ధవిజయ స్మారకంగా శుక్రవారం మే 8కి మార్చారు. ఆ మార్పును 2019 జూనులో ప్రకటించేసరికి క్యాలెండర్లు అచ్చయి ఉన్నవి.

2022 సెప్టెంబరు 19న రాణి అంత్యక్రియల సెలవును తొమ్మిది రోజుల ముందు ప్రకటించారు. ఆసుపత్రులలో ఎందరికో చికిత్సలు వాయిదాపడినవి. 2023 పట్టాభిషేకపు సెలవుకు 136 కోట్ల పౌండ్ల ఉత్పత్తి నష్టమని ప్రభుత్వమే అంచనా కట్టింది. కూలి కోల్పోయినవారి లెక్క అందులో వెతకనక్కరలేదు. బ్యాంకు సెలవు నాడు ప్రత్యేకంగా జీతం పొందే హక్కు బ్రిటనులో నేటికీ లేదు. ఏటా రావలసిన 28 రోజులలోనే యజమాని దానిని కలుపుకోవచ్చును.

మన తెలుగు రాష్ట్రాలలో బ్యాంకు సెలవుల ఉత్తర్వులు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షను క్రిందనే వెలువడుతున్నవి. అదీ హుండీల చట్టమే. నేను పనిచేసిన ఒక కళాశాలలో గంటకింతని జీతం తీసుకొనే అతిథి అధ్యాపకులు ఉండేవారు. ముందునాటి సాయంత్రం సెలవు కబురు వస్తే మేము పాఠం వాయిదా వేసుకొని ఇంటికి పోయేవారము. వారికి ఆనాటి గంటలు బిల్లులోకి ఎక్కేవి కావు.