నీళ్ళు ఉందా, ఉన్నాయా?

మా ఇర్వింగ్‌లో లాస్ కొలీనాస్ ప్రాంతాన విలియమ్స్ స్క్వేర్ అనే చోట తొమ్మిది కంచు గుర్రాలున్నాయి. రాబర్ట్ గ్లెన్ అనే శిల్పి చేసిన ఆ గుర్రాలను 1984లో అక్కడ ప్రతిష్ఠించారు. కాలవ దాటుతూ దౌడు తీస్తున్నట్టుంటాయి. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మగారిని ఒక ఆదివారం చూపించడానికి తీసుకువెళ్ళాం. ఆరేళ్ళ మా అమ్మాయి గుర్రాలన్నిటినీ లెక్కపెట్టి, నీటిలో చెయ్యి పెట్టి, "బామ్మా, నీళ్ళు చల్లగా ఉంది" అన్నది.

మా అమ్మగారు ఫక్కున నవ్వారు. ముద్దుకొద్దీ వచ్చిన నవ్వే. అయినా పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ పూటంతా మరి తెలుగు మాట్లాడలేదు. మేము తెలుగులో ఏమడిగినా జవాబు ఇంగ్లీషులోనే వచ్చింది.

ఆ రాత్రి మాకు మా సొంత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఈ దేశం వచ్చి రెసిడెన్సీలో చేరిన మొదటి ఏడు ఒక రోగి కాగితంలో "అడ్వైసెస్ ఇచ్చాము" అని రాశాం. పై డాక్టరు ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పదిమందిలో చదివి నవ్వాడు. వైద్యంలో పొరపాటేమీ లేదు, వచ్చిన చిక్కల్లా ఒక్క బహువచనంతోనే. ఆ తరవాత కొన్ని నెలలు, నోరు తెరిచి అడగవలసిన ప్రశ్నలు కూడా అడగకుండా ఊరుకున్నాం. డాక్టరు అడగవలసింది అడగకపోతే నష్టపోయేది రోగి అని వేరే చెప్పనక్కర్లేదు.

ఆలోచించి చూస్తే పిల్ల తప్పూ మా తప్పూ ఒకటే. తెలుగులో ఒక సలహా, రెండు సలహాలు అంటాం. ఇంగ్లీషులో 'అడ్వైస్' లెక్కకు రాదు, 'పీస్' చేర్చి లెక్కపెట్టాలి. ఇంగ్లీషులో 'వాటర్' ఏకవచనంలోనే నడుస్తుంది. తెలుగులో నీళ్ళు బహువచనం. పిల్ల ఇంగ్లీషు లెక్కను తెలుగులోకి తెచ్చింది. మేము తెలుగు లెక్కను ఇంగ్లీషులోకి తీసుకుపోయాం.

ఈ లెక్కలకు తర్కం ఉందా అంటే, ముందు మన వంటింట్లోనే వెతుకుదాం. పాలు కాగాయి, పెరుగు తోడుకుంది. తోడు వేసేసరికి బహువచనం ఏకవచనమైపోయింది! వడ్లు ఎండాయి, బియ్యం ఉడికింది. పొట్టు పోవడంతో బహువచనం కూడా పోయింది. అదే గింజ అటుకులైతే బహువచనం మళ్ళీ వచ్చింది. పాలు, నీళ్ళు, పెసలు, కందులు వంటివి నిత్యబహువచనాలనీ, బియ్యం, నెయ్యి, నూనె వంటివి నిత్యైకవచనాలనీ బళ్ళో చెప్పారు. ఎందుకు అని మేమెవరమూ అడగలేదు. అమ్మ నోట విన్నాం, అన్నాం.

ఇంగ్లీషు వారి గాదె తెరిచినా ఇంతే. 'వీట్' ఏకవచనం, పక్కనే ఉన్న 'ఓట్స్' బహువచనం. బఠాణీ కథ మరీ వింత. ఒకప్పుడు దాన్ని 'పీజ్' అనేవారు, అది ఏకవచనమే. చివరి ధ్వని బహువచన ప్రత్యయమేమో అని జనం పొరబడి, దాన్ని తీసేసి, 17వ శతాబ్దంలో 'పీ' అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించారు. ఈనాడు మాస్టార్లు దిద్దే మాట ఒకనాటి తప్పే అన్నమాట. 'న్యూస్' షేక్‌స్పియర్ కాలంలో రెండు వచనాల్లోనూ నడిచింది, ఇప్పుడు ఏకవచనంలో స్థిరపడింది. ఫ్రెంచివారు సలహాలనూ సమాచారాన్నీ నేటికీ బహువచనంలో వాడుతున్నారు. వారి తెలివికేమీ లోటు రాలేదు.

భాష పుట్టుకతో వచ్చినవాడికి ఈ నియమం కనబడదు. బయటివాడు తట్టుకుని పడితేనే కనబడుతుంది. 1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కళాశాల పెట్టి, కుంపిణీ దొరలకు మన భాషలు నేర్పించి పరీక్షలు పెట్టేవారు. వారికోసమే కాంబెల్ దొర 1816లో తెలుగు వ్యాకరణం వేశాడు. బ్రౌను వ్యాకరణం 1840లోనూ, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోనూ వచ్చాయి. పాలు కాగింది కాదు, కాగాయి అని వారికి కూడా ఎవరో ఒక పంతులుగారు దిద్ది చెప్పవలసిందే కదా!

ఇంగ్లీషుకూ ఇదే జరిగింది. లెక్కకు రాని మాటలను విడదీసి, వాటికి 'మాస్ వర్డ్స్' అని పేరుపెట్టి, 1914లో వివరించిన యెస్పర్సన్ డెన్మార్కు దేశస్థుడు. ఏ నామవాచకం లెక్కకు వస్తుందో, ఏది రాదో గుర్తులు పెట్టి చూపిన నిఘంటువు 1942లో టోకియోలో అచ్చయింది. కూర్చినవారు హార్న్‌బీ, మరి ఇద్దరు, అక్కడ జపాను పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయులు. 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు దాన్నే మళ్ళీ వేశారు. నేడు లోకమంతా వాడే 'లర్నర్స్ డిక్షనరీ'కి మూలం అదే. నేర్చుకునేవారి తప్పుల వల్లనే ఆ గుర్తుల అవసరం తెలిసివచ్చింది.

అయితే తప్పును తప్పనకూడదని మేము అనడం లేదు. లగేజీ, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్ — వీటికి చివర 'స్' తగిలించకుండా మనం నేర్చుకోవలసిందే. మనకు దారి కొత్తదేమీ కాదు. మూడు నీళ్ళు తెమ్మని ఎవరం అనం, మూడు గ్లాసుల నీళ్ళు అంటాం. చిటికెడు ఉప్పు, గుప్పెడు బియ్యం, గరిటెడు నెయ్యి అంటాం. ఇంగ్లీషు వారి 'పీస్' కూడా అటువంటి గరిటే అనుకుంటే చాలు.

మా మనవి ఒక్కటే. ఈ దేశంలో మన పిల్లలకు తెలుగు వినిపించే నోళ్ళు ఇంట్లో మహా అయితే మూడో నాలుగో. అందులో ఒకటి నవ్వితే పిల్లలకు ఆ దారి మూసుకుపోతుంది. దిద్దడానికి నవ్వక్కర్లేదు, సరైన మాట తిరిగి వినిపిస్తే చాలు.

ఈ సంగతంతా మా అమ్మగారితో చెప్పాం. విని కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పిల్ల స్నానాల గదిలోంచి, "బామ్మా, నీళ్ళు వేడిగా ఉంది" అని కేక పెట్టింది. ఆవిడ నవ్వలేదు. "వేడిగా ఉన్నాయా తల్లీ? ఉండు, చన్నీళ్ళు కలుపుతాను" అంటూ వెళ్ళారు.

లోపల్నుంచి జవాబు వచ్చింది: "ఆఁ, ఉన్నాయి."