వాడు సంతకం పెట్టలేదు

(ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. పిల్లల మనోవర్తి కేసులు మన కోర్టుల్లో నడిచే తీరును బట్టి మలిచిన కథనం. అందుకే మనుషులకు పేర్లు పెట్టలేదు. చట్టాలు, సుప్రీంకోర్టు తీర్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

ఏప్రిల్ ఎండ. బట్టల షాపులో ఏసీ పాడై రెండు రోజులైంది. పెళ్లిళ్ల సీజను కావడంతో పట్టుచీరల కౌంటరు కిటకిటలాడుతోంది. కొనడానికి వచ్చినవాళ్లు చీర పెట్టె మూతలతో విసురుకుంటున్నారు.

"అమ్మాయ్, ఏసీ మీద స్టిక్కరు ఉంటుంది చూడు. ఆ నంబరుకు ఫోన్ చెయ్యి" అన్నాడు ఓనరు.

ఆవిడ స్టూలెక్కింది. పసుపురంగు స్టిక్కరు. 'ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రిపేర్లు చేయబడును. గ్యాస్ ఫిల్లింగ్ కలదు.' కింద ప్రొప్రయిటర్ అంటూ ఒక పేరు. ఒకప్పుడు శుభలేఖ మీద తన పేరు పక్కన అచ్చయిన పేరే అది.

మొన్నటి వాయిదాకు ఆ మనిషి కోర్టులో వేసిన కౌంటరు కాపీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో మడిచి ఉంది. 'నేను రోజుకూలీ మెకానిక్‌ను. పని దొరికిన నెలలో పన్నెండు వేలు వస్తాయి. సొంత షాపు లేదు.'

ఓనరుకు నంబరు చదివి వినిపించే ముందు ఆవిడ తన సెల్లుతో స్టిక్కరును ఫోటో తీసుకుంది.

* * *

విడిపోయేటప్పుడు పెద్ద గొడవేం జరగలేదు. అప్పటికే మాటలు అయిపోయాయి. ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుని, పెట్టిన సామాను తిరిగి ఇప్పించి, మూడు లక్షలు ఒక్కసారే ఇచ్చేటట్టు తేల్చారు. పరస్పర అంగీకారంతో విడాకులు. కాగితం చివర ఒక వాక్యం రాయించారు. 'ఇకమీదట తన తరఫున గానీ, మైనరు కుమారుని తరఫున గానీ ఎలాంటి మనోవర్తీ కోరదు.'

ఆ వాక్యాన్ని ఆవిడ రెండోసారి చదవలేదు. ఎలాగోలా బయటపడితే చాలనుకుంది. సంతకం పెట్టేసింది. సాక్షిగా వాళ్ల నాన్న కూడా పెట్టాడు. చంకలో మూడేళ్ల పిల్లాడు కళ్లు తెరవకుండా నిద్రపోతున్నాడు.

మూడు లక్షల్లో సగం పాత అప్పులకు పోయింది. మిగతా సగం నాన్న గుండె ఆపరేషనుకు సరిపోయింది. పిల్లాడు ఒకటో తరగతికి వచ్చేసరికి షాపులో ఇచ్చే పదకొండు వేలతో ఇల్లు గడవడమే కష్టమైంది. ఫీజు కట్టలేదని స్కూలువాళ్లు పరీక్షనాడు వాణ్ని వరండాలో నిలబెట్టారు. ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి, "అమ్మా, నాన్న దగ్గర డబ్బులు లేవా?" అని మామూలుగానే అడిగాడు.

మర్నాడు ఆవిడ ఒక లేడీ ప్లీడరు దగ్గరికి వెళ్లింది. ఒప్పందం కాగితం బల్ల మీద పెట్టి, "నేను అడగనని రాసిచ్చానండీ. ఇప్పుడు అడిగితే తప్పవుతుందా?" అంది.

ప్లీడరు కాగితాన్ని చివరిదాకా చదివింది. "ఇందులో ఎన్ని సంతకాలున్నాయమ్మా?"

"నాలుగండీ. నాది, ఆయనది, మా నాన్నది, వాళ్ల మేనమామది."

"మీ అబ్బాయిది?"

"వాడికప్పుడు మూడేళ్లండీ!"

"నేను చెప్పేదీ అదే. వాడు సంతకం పెట్టలేదు. నీ హక్కు నువ్వు వదులుకోవచ్చు. వాడిది వదులుకోవడానికి నీకూ అధికారం లేదు, మీ ఆయనకూ లేదు, ఆ పెద్దమనుషులకూ లేదు."

పిల్లల మనోవర్తి గొడవలన్నీ ఈ ఒక్క ముడి దగ్గరే బిగుసుకుంటాయి. మాజీ భార్యకు ఇస్తున్నానని ఆయన అనుకుంటాడు. మాజీ భర్తను దేహీ అంటున్నానని ఆవిడ కుంగిపోతుంది. ఇచ్చేది వాడికి, అడిగేది వాడి కోసం అన్న సంగతి ఇద్దరికీ గుర్తుండదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లో వచ్చింది. దాని 20వ సెక్షన్ బిడ్డల పోషణ భారాన్ని తండ్రి మీదా తల్లి మీదా కూడా పెట్టింది. మతంతో పనిలేకుండా ఎవరైనా వెళ్లగలిగిన దారి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144గా మారింది. 2001లో సవరణ వచ్చేదాకా ఆ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీల్లేదు. ఇప్పుడు ఆ పరిమితి లేదు. తండ్రి స్తోమత, బిడ్డ అవసరం చూసి కోర్టు తేలుస్తుంది.

* * *

కేసు వేయడం ఒక రోజు పని. నోటీసు అందించడానికి ఐదు నెలలు పట్టింది. మొదటిది 'ఇంటికి తాళం' అన్న రాతతో తిరిగొచ్చింది. రెండోసారి చిరునామా మారింది. నోటీసు అందిన 60 రోజుల్లో తాత్కాలిక మనోవర్తి సంగతి తేల్చాలని చట్టం అంటుంది. అందితే కదా!

చివరికి ఆయన వచ్చాడు. వస్తూనే ఒప్పందం కాగితం చూపించాడు. "సంతకం పెట్టిందండీ. మూడు లక్షలు తీసుకుంది. ఇప్పుడు మళ్లీ మొదలెట్టింది."

కోర్టు ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఇద్దర్నీ ఆస్తులు, అప్పులు, రాబడి చూపిస్తూ అఫిడవిట్లు వేయమంది. ఈ పద్ధతి 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో దేశమంతటా తప్పనిసరైంది. జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఆ ధర్మాసనంలో ఉన్నారు. ఆ తీర్పుకు మూలం, నాగపూర్ ఫ్యామిలీ కోర్టులో ఒక తల్లి తనకూ పసిబిడ్డకూ కలిపి 2013లో వేసిన దరఖాస్తు. 2015లో అక్కడ ఉత్తర్వు వచ్చింది. 2018లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2020లో గానీ ఢిల్లీలో తేలలేదు. అదీ తాత్కాలిక మనోవర్తి మాత్రమే! పొత్తిళ్లలో ఉన్న బిడ్డ ఏడేళ్లవాడయ్యాడు. ఇలాంటి ఆలస్యం పిల్లల నెత్తిన పడకూడదనే, మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని ఆ తీర్పు చెప్పింది.

మన కథలో ఆయన అఫిడవిట్‌లో 'రోజుకూలీ' అని రాశాడు. ఆవిడ ప్లీడరు స్టిక్కరు ఫోటో దాఖలు చేసింది. ఆ నంబరుకు లింకై ఉన్న బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు తెప్పించమని కోరింది. వేసవి నెలల్లో ఆ ఖాతాలోకి నాలుగైదు వందల చొప్పున రోజుకు పదిసార్లు డబ్బు పడింది. చలికాలంలో పలచబడింది. విడిభాగాల ఖర్చు పోను, ఏడాది మొత్తం మీద నెలకు 22 వేలకు తగ్గదని కోర్టు తేల్చింది.

ఆవిడ వైపు సాక్ష్యం రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. రెండేళ్లుగా వాడి ఖర్చులన్నీ అందులో రాస్తోంది. 'బూట్లు 649, పాతవి వేళ్లకు ఒత్తుకుంటున్నాయి.' 'జ్వరం, డాక్టరు 300, మందులు 412.' 'టర్మ్ ఫీజు సగం. మిగతాది 20వ తారీకు.' నెలలో జీతం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఎర్ర గీత ఉంది. చాలా నెలల్లో ఆ గీత 17, 18 తేదీల మీదే పడింది.

అవతలి ప్లీడరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక పేజీ దగ్గర ఆగాడు. "ఇక్కడ సినిమా 150 అని ఉంది. సినిమా కూడా పోషణేనా అమ్మా?"

ఆవిడ తల దించుకుంది. "వాడి పుట్టినరోజండీ. నేను లోపలికి వెళ్లలేదు. వాళ్ల తాతతో పంపించాను."

మేజిస్ట్రేట్ ఆ పేజీకి వేలు అడ్డం పెట్టి, తర్వాతి ప్రశ్న అడగమన్నాడు.

బిడ్డకు నెలకు 10,500 అవుతుందని లెక్క తేలింది. తల్లీ సంపాదిస్తోంది కనుక మొత్తం తండ్రి మీదే పడలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ సంపాదనపరులైతే రాబడి నిష్పత్తిలో పంచుకోవాలని 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆవిడకు పదకొండు వేలు, ఆయనకు ఇరవై రెండు. ఒకటికి రెండు పాళ్లు. ప్రతి నెలా ఏడో తేదీలోపు 7,000 రూపాయలు ఆయన కట్టాలని ఉత్తర్వు వచ్చింది. కేసు నడిచిన 16 నెలల బకాయి 1,12,000. దాన్ని రెండు వాయిదాల్లో కట్టాడు. ఆ తర్వాత మూడు నెలలు సక్రమంగా పంపాడు. నాలుగో నెల ఆపేశాడు.

* * *

"వెంటనే ఎందుకు రాలేదమ్మా?" ప్లీడరు గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది.

"మళ్లీ పెళ్లి చేసుకున్నారటండీ. పాప పుట్టిందట. ఇబ్బందిలో ఉంటారని ఆగాను. మళ్లీ కోర్టంటే షాపులో సెలవివ్వరు కూడా."

"ఎన్ని నెలలు ఆగావు?"

"పద్నాలుగు."

ప్లీడరు పెన్ను కింద పెట్టేసింది. బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వేస్తేనే దాని కోసం వారెంటు పుడుతుంది. పద్నాలుగు నెలల్లో మొదటి రెండూ గడువు దాటిపోయాయి. వారెంటు దారిలో ఆ పద్నాలుగు వేలు ఇక రావు. మిగిలింది 12 నెలలు, 84,000. జాలిపడినందుకు కట్టిన జరిమానా అది. కట్టింది మాత్రం పిల్లాడు.

వారెంటు మీద కానిస్టేబుల్ ఆయన్ను తీసుకొచ్చిన రోజున కోర్టు వరండాలో వాళ్లమ్మ కూడా ఉంది. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాలరు మీద గ్రీజు మరక ఇంకా ఆరలేదు. పని మీద నుంచే తెచ్చినట్టున్నారు.

"ఎందుకివ్వాలండీ?" అన్నాడు ఆవిడ ప్లీడరుతో. గొంతు పైకి లేచింది గానీ కళ్లు కిందికే ఉన్నాయి. "నాలుగేళ్లయింది నా కొడుకును చూసి. స్కూలు దగ్గరికెళితే గేటు దగ్గరే ఆపేశారు. డబ్బుకైతే నాన్నను, చూడటానికి కానా?"

ఆ మాటలో నిజం ఉంది. ఆయన్ను లోపలికి పంపొద్దని స్కూల్లో రాసిచ్చింది ఆవిడే. కానీ ఆ నిజానికి దారి వేరే ఉంది. బిడ్డను చూసే హక్కు కోసం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద దరఖాస్తు వేసుకోవచ్చు. చూపించలేదని తండ్రి డబ్బు ఆపకూడదు. డబ్బు ఇవ్వలేదని తల్లి బిడ్డను దాచకూడదు. రెండు వైపులా లాగే తాడు చివరికి బిడ్డ మెడకే బిగుస్తుంది.

లోపల పిలుపొచ్చింది. కడతావా లేదా అని మేజిస్ట్రేట్ అడిగాడు.

"నా దగ్గర లేవండీ. జైల్లో పెట్టుకోండి. నెలకు నెల శిక్షేగా! బాకీ తీరిపోతుంది."

"ఎవరు చెప్పారు నీకు, తీరిపోతుందని?"

ఎవరో చెప్పే ఉంటారు. కోర్టు ఎదుట టీ బంకు దగ్గర ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. బాకీపడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు పడవచ్చన్నది నిజమే. కానీ జైలు అనేది కట్టించడానికి పెట్టే ఒత్తిడి. అది రసీదు కాదు. శిక్ష అనుభవించినంత మాత్రాన బకాయి మాఫీ కాదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. లోపలికెళ్లి వచ్చినా ఆ 84,000 అలాగే ఉంటుంది. ఈలోపు వేసవి గిరాకీ పోతుంది.

ఆ సంగతి విన్నాక ఆయన ఏమీ మాట్లాడలేదు. వెనక బెంచీ మీంచి వాళ్లమ్మ లేచింది. కొంగుముడి విప్పి, నలుగురూ చూస్తుండగానే రెండు పేటల గొలుసు తీసింది. "బ్యాంకులో పెట్టి సాయంత్రానికి నలభై వేలు తెస్తాను బాబూ. మిగతాది మూడు నెలల్లో వాడు కడతాడు. నేను చూసుకుంటాను."

మధ్యాహ్నం మూడింటికి డబ్బు కట్టారు. మిగిలిన 44,000కు మూడు వాయిదాలు రాశారు.

మెట్ల దగ్గర ఆ పెద్దావిడ ఒకప్పటి కోడలి చెయ్యి పట్టుకుంది. "పిల్లాడు ఎంతున్నాడే?"

ఆవిడ తన భుజం కింద చెయ్యి అడ్డం పెట్టి చూపించింది. కాసేపాగి, "ఆదివారం రండి అత్తయ్యా. వాణ్ని ఇంట్లోనే ఉంచుతాను" అంది. మెట్టు దిగబోతూ ఆగి, "ఆయన్ను కోర్టులో దరఖాస్తు వేసుకోమనండి. నేను అడ్డు చెప్పను" అంది.

* * *

ఇప్పుడు ఆయన నెలకు రెండు ఆదివారాలు కొడుకును చూస్తున్నాడు. మొదటిరోజు వాడు 'అంకుల్' అన్నాడని నానమ్మ చెప్పి ఏడ్చింది. నాలుగో ఆదివారానికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్చుకుని వచ్చాడు. నోట్‌బుక్‌లో ఎర్ర గీత 26వ తేదీకి జరిగింది.

ఈ దారిలో నడుస్తున్న తల్లులకూ తండ్రులకూ నాలుగు ముక్కలు. బిడ్డ మనోవర్తి వదులుకున్నానని ఎవరు రాసిచ్చినా అది బిడ్డను కట్టిపడేయదు. 144 (పాత 125) కింద బిడ్డకు 18 నిండేదాకా అడగవచ్చు. పెళ్లికాని కూతురైతే, తన్ను తాను పోషించుకోలేనప్పుడు, 1956 చట్టం కింద ఆ తర్వాత కూడా అడగవచ్చు. రాబడి నిజంగా పడిపోతే డబ్బు ఆపడం దారి కాదు, ఉత్తర్వు మార్చమని కోర్టును అడగడం దారి. ప్లీడరుకు ఇచ్చుకోలేని స్త్రీలకు, పిల్లలకు రాబడితో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఇక బకాయి పడితే ఏడాది గడువు సంగతి క్యాలెండరు మీద రాసుకోండి.

మూడు వాయిదాల్లో రెండు వచ్చాయి. మూడోదానికి గడువు ఈ నెల ఏడో తేదీ. ఆ రోజు సాయంత్రం దాకా డబ్బు పడలేదు. ఈసారి ఆవిడ పద్నాలుగు నెలలు ఆగలేదు. ఎనిమిదో తేదీ పొద్దున షాపు తెరవకముందే ప్లీడరు గుమాస్తాకు ఫోన్ చేసింది.