బస్సులో ఫోన్ పోయిందా? ముందు ఏం చేయాలి.. తర్వాత ఏం చేయాలి?

ఒకప్పుడు ఫోన్ పోతే పోయేది ఫోన్ ఒక్కటే. ఇప్పుడు దాంతోపాటు బ్యాంకు ఖాతా, యూపీఐ, ఓటీపీలు, పిల్లల ఫొటోలు అన్నీ పరాయి చేతుల్లో పడతాయి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు సొంతూరికి వెళ్లొచ్చేటప్పుడు బస్సు సీట్లోనో, బస్టాండ్ బెంచీ మీదో ఫోన్ మరిచిపోతే ఎవరికైనా కంగారే. నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలనిపిస్తుంది. వెళ్లాలి కూడా. కానీ అంతకంటే ముందు డబ్బును కాపాడుకోవాలి.

మొదటి పది నిమిషాల్లో..

పక్కవారి ఫోన్ నుంచి మీ నంబర్‌కు కాల్ చేయండి. ఎవరూ ఎత్తకపోతే అదే ఫోన్‌లో లాగిన్ అయి మీ ఫోన్‌ను లాక్ చేయండి. ఆండ్రాయిడ్‌కు గూగుల్ ఫైండ్ హబ్, ఐఫోన్‌కు ఫైండ్ మై ఉన్నాయి. పని కాగానే లాగౌట్ అవడం మరవొద్దు.

ఆ తర్వాత మీ నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌కు చెప్పి సిమ్ బ్లాక్ చేయించండి. ఈ వరుసకు కారణం ఉంది. సిమ్ ఆగిపోతే ఫోన్‌లో డేటా కూడా ఆగిపోతుంది. అప్పుడు దూరం నుంచి లాక్ చేయడం కష్టం. అలాగని లాగిన్ కుదరకపోతే ఆలస్యం చేయొద్దు. మీ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. సిమ్ తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపించండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయాలి.

బస్సులో మరిచిపోయి ఉంటే..

ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. దగ్గర్లోని బస్టాండ్‌లో చెప్పండి. లేదంటే ఏపీఎస్‌ఆర్టీసీ కాల్ సెంటర్ 149 లేదా 0866-2570005కు ఫోన్ చేయండి. ఎక్కిన చోటు, సమయం, ఏ ఊరి సర్వీసో చెప్పాలి. టికెట్ ఉంటే పారేయొద్దు. ఇంకో మాట.. నంద్యాల జిల్లాలోనూ ఆత్మకూరు డిపో ఉంది. అందుకే 'నెల్లూరు జిల్లా ఆత్మకూరు' అని స్పష్టంగా చెప్పండి.

సీఈఐఆర్‌లో ఎలా బ్లాక్ చేయాలి?

సీఈఐఆర్ కేంద్ర టెలికాం శాఖ సేవ. 2023 మే 16న ప్రారంభమైన సంచార్ సాథీ పోర్టల్‌లో ఉంటుంది. 2025 జనవరిలో యాప్ కూడా వచ్చింది.

1. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి కాపీ, ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

2. అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోండి. కొత్త సిమ్‌కు ఎస్సెమ్మెస్‌లు మొదలవడానికి ఒక రోజు పట్టొచ్చు. ఓటీపీ రాలేదని గాబరా పడొద్దు.

3. పోర్టల్‌లో ఐఎంఈఐ, మోడల్, పోయిన చోటు, తేదీ, పోలీస్ స్టేషన్ వివరాలు నింపండి. ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయండి.

4. చివర్లో వచ్చే రిక్వెస్ట్ ఐడీ రాసి పెట్టుకోండి.

బ్లాక్ అయ్యాక ఆ ఫోన్ దేశంలోని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. ఎవరైనా అందులో వేరే సిమ్ వేస్తే ఆ సమాచారంతో పోలీసులు ఆచూకీ తీయగలరు. అంటే సిమ్ బ్లాక్ చేయించి ఊరుకుంటే సగం పనే అయినట్టు.

ఫోన్ దొరికితే?

ముందు పోలీసులకు చెప్పండి. తర్వాత రిక్వెస్ట్ ఐడీతో పోర్టల్‌లో అన్‌బ్లాక్ చేసుకోవాలి. అది చేయకపోతే చేతికొచ్చిన ఫోన్ కూడా పనిచేయదు. 'మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి' అని మెసేజ్ వస్తే మాత్రం నొక్కొద్దు. పాస్‌వర్డ్ కాజేసే ఎత్తు కావొచ్చు.

వేరేవాళ్ల ఫోన్ మీకు దొరికితే కండక్టర్‌కో, పోలీసులకో అప్పగించండి. దొరికింది కదా అని సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం.

ఫోన్ చేతిలో ఉన్నప్పుడే..

స్టార్, హ్యాష్, 06, హ్యాష్ డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లుంటాయి. వాటిని కాగితం మీద రాసి, కొన్న బిల్లుతో కలిపి ఇంట్లో దాచండి. ఫోన్‌లోనే సేవ్ చేస్తే ఫోన్‌తోపాటే పోతాయి. ఇంట్లోవాళ్ల నంబర్ ఒక్కటైనా కంఠతా పట్టండి. పక్కవారు ఫోన్ ఇచ్చినా, ఎవరికి చేయాలో గుర్తుండాలి కదా.