పాత రంగు గీకే ముందు

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కొన్నా, అద్దెకు తీసుకున్నా, సంతకం పెట్టాల్సిన కాగితాల కట్టలో ఒకటి మనవాళ్ళకి వింతగా అనిపిస్తుంది. ఇంట్లో సీసం కలిసిన రంగు ఉందో లేదో యజమాని తనకి తెలిసినంతవరకు అందులో రాసివ్వాలి. దాంతోపాటు ప్రభుత్వం అచ్చువేసిన చిన్న పుస్తకం చేతికివ్వాలి. కొనేవాళ్ళు కావాలంటే పది రోజుల గడువులో పరీక్ష చేయించుకోవచ్చు. పునాది గురించో, చెదల గురించో అడిగారంటే అర్థముంది గాని, గోడకి వేసిన రంగు గురించి ఇంత పట్టింపేమిటని మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అనుకోవడం సహజమే. ఆ పట్టింపు వెనక పెద్ద చరిత్రే ఉంది. ప్రమాదమని తెలిసి కూడా ఈ దేశం దాన్ని దశాబ్దాల పాటు పసిపిల్లల తల్లుల కాపలాకి వదిలేసింది. ఆ కాపలా ఎవరివల్లా అయ్యే పని కాదు. రంగు తయారుచేసినవాడి మీద, ఇంటి యజమాని మీద, పనికి వచ్చిన మేస్త్రీ మీద బాధ్యత పెట్టాకే పిల్లలకి రక్షణ దొరకడం మొదలైంది. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే.

మన ఊళ్ళలో సంక్రాంతి ముందు సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి గోడలకి వెల్ల వేసేవాళ్ళు. ఏటేటా పొర మీద పొర చేరి, వానలకి గోడ చెమ్మగిల్లి పెచ్చులూడేది. ఆ పెచ్చులు నోట్లో వేసుకునే పిల్లలు ప్రతి వాడలోనూ ఉండేవాళ్ళు. బలపాలు కొరుక్కు తినే పిల్లలు, మట్టి మీదికి మనసుపోయే గర్భిణులు మనకి కొత్త కాదు. కడుపులో పాములున్నాయనో, ఒంట్లో రక్తం తక్కువైందనో పెద్దవాళ్ళు అనుకునేవాళ్ళు, నాలుగు తిట్టి నోరు కడిగేవాళ్ళు. ఆరిపోయిన వెల్ల సుద్దతో సమానం కాబట్టి పిల్లలకి మహా అయితే కడుపునొప్పి వచ్చేది. అమెరికాలో ఎక్కువగా చెక్క ఇళ్ళు. ఎండకీ మంచుకీ చెక్క పాడవకుండా అవిసె నూనెలో తెల్ల సీసం కలిపి మందంగా పూసేవాళ్ళు. బాగా కప్పుతుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కొన్ని పాత రంగుల్లో దాదాపు సగం బరువు సీసానిదే. ఇక్కడి పిల్ల కూడా మన పిల్ల చేసిన పనే చేసింది, పెచ్చు నోట్లో పెట్టుకుంది. కాని సీసం ఒంట్లో కాల్షియంలా చలామణి అవుతూ ఎముకల్లో చేరుతుంది, ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. పెద్దవాళ్ళకంటే పిల్లల కడుపు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇంకా ఎక్కువ. సున్నం చవక కాబట్టి మనవాళ్ళు వాడారు, ఆ చవకే మన పిల్లల్ని గోడల దగ్గర కాపాడింది. తలుపులకీ కిటికీ ఊచలకీ ఎనామిల్ రంగు వేయించే స్తోమత వచ్చాక మన ఇళ్ళలోకీ సీసం వచ్చింది.

ఇదేమీ ఆలస్యంగా తెలిసిన సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు 1904లోనే, పిల్లలకి సీసం విషం వరండా కటకటాల మీది రంగు నుంచి ఎక్కుతోందని రాశాడు. 1909లో ఫ్రాన్స్, బెల్జియం, ఆస్ట్రియా తెల్ల సీసం రంగుల మీద ఆంక్షలు పెట్టాయి. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇళ్ళ లోపల తెల్ల సీసం వాడకూడదని ఒప్పందం తెచ్చింది. అమెరికా దాన్ని ఆమోదించలేదు. పైగా ఆ దశాబ్దంలోనే నేషనల్ లెడ్ కంపెనీ తన డచ్ బాయ్ రంగుల కోసం పిల్లలకి రంగులేసుకునే బొమ్మల పుస్తకాలు అచ్చువేసి పంచింది. పిల్లలు చనిపోతున్న వార్తలు వచ్చినప్పుడు సీసం పరిశ్రమల సంఘం, తప్పు మురికివాడలదీ అజాగ్రత్త తల్లులదీ అంది. నల్లజాతి, ప్యూర్టోరికో తల్లిదండ్రులకి చెప్పినా తలకెక్కదని సంఘం అధికారి ఒకరు 1950లలో ఉత్తరాల్లో రాసుకున్నారు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ మాటే. బాల్టిమోర్ నగరం 1951లో ఇళ్ళ లోపల సీసం రంగుని నిషేధించింది. దేశమంతటికీ ఆ నిషేధం రావడానికి ఇంకో ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఈలోగా 1969లో న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెంలో, యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికో యువకుల సంఘం నగర ఆరోగ్య శాఖ దగ్గర పట్టుబట్టి పరీక్ష సామగ్రి తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పరీక్షించింది. చెప్పినా తలకెక్కదని ఎవరిని అన్నారో వాళ్ళే ముందు కదిలారు.

మేమంతా అలాంటి ఇళ్ళలోనే పెరిగాం, మాకేమైంది అనేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. దీనికి జవాబు హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరు పాలపళ్ళలో వెతికాడు. మన పిల్లలు పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరే పాలపళ్ళని ఆయన మసాచుసెట్స్‌లో రెండు ఊళ్ళ బడిపిల్లల దగ్గర సేకరించి, వాటిలో సీసం ఎంతుందో కొలిచాడు. ఎక్కువ సీసం ఉన్న పిల్లలు పైకి ఏ జబ్బూ లేకుండానే తెలివితేటల పరీక్షల్లోనూ తరగతిలో నిలకడగా కూర్చోవడంలోనూ వెనకబడ్డారని 1979లో ప్రకటించాడు. నష్టం ఇలాంటిదైనప్పుడు, మాకేమీ కాలేదని ఎవరు మాత్రం ఏ ఆధారంతో చెప్పగలరు? 1960లలో డెసిలీటరు రక్తంలో 60 మైక్రోగ్రాములు దాటితేనే ప్రమాదం అనుకునేవాళ్ళు. 1991లో ఆ గీత 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దిగింది. పిల్లల రక్తంలో సీసం తగ్గడానికి ముఖ్య కారణం పెట్రోలు నుంచి దాన్ని తీసేయడం కదా, రంగుతో పనేమిటని మరొకరు అడగవచ్చు. పెట్రోలు మాట నిజమే. కాని ఆ మార్పు తర్వాత కూడా విషం ఎక్కుతున్న పిల్లలు ఎక్కువగా కనబడేది పాత, మరమ్మతు లేని ఇళ్ళలోనే.

మరైతే ఒక్కసారిగా అంతా గీకి పారేస్తే పోలేదా? పోదు, అదే అన్నిటికంటే చెడ్డ పని. గట్టిగా అంటుకుని ఉన్న రంగు ఎవరి జోలికీ రాదు. దాన్ని పొడిగా గీకినా, మిషన్‌తో రుద్దినా, మంటతో కాల్చినా దుమ్మో పొగో అయి ఇల్లంతా పరుచుకుంటుంది. ఇక్కడి పాత కిటికీలు పైకీ కిందికీ జరిగేవి. తెరిచిన ప్రతిసారీ చెక్కకి చెక్క రాసుకుని, కిటికీ గడప మీద మెత్తని పొడి రాలుతుంది. అప్పుడే నిలబడటం నేర్చుకున్న పిల్ల పట్టుకునేది సరిగ్గా ఆ గడపనే. ఆ చేతులే నోట్లోకి వెళ్తాయి. ఏ తల్లి ఎంతసేపు కనిపెట్టుకుని కూర్చుంటుంది? అందుకే 2010 నుంచి అలాంటి ఇళ్ళలో డబ్బు తీసుకుని మరమ్మతు చేసేవాళ్ళకి శిక్షణ, ధ్రువపత్రం తప్పనిసరి. నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులు టేపుతో అంటిస్తారు. రంగు మీద నీళ్ళు చిమ్మి తడిగా గీకుతారు. పనయ్యాక పొడి చీపురు పట్టరు, హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడుస్తారు. చివరికి తెల్లని తడిగుడ్డతో గడపని మరోసారి తుడిచి, దాన్ని ఒక కార్డు పక్కన పెట్టి చూస్తారు. గుడ్డ కార్డుకంటే నల్లగా ఉంటే మళ్ళీ మొదటికి. చాలాచోట్ల గీకకుండా పైన కొత్త పలక బిగించడమో, కిటికీ మొత్తం మార్చడమో మేలు.

ఇంత పద్ధతికి ఖర్చవుతుంది, ఆ భారం చివరికి అద్దెల్లో పడుతుంది. ఆరేళ్ళలోపు పిల్లలుంటే యజమానే సీసం ప్రమాదాన్ని తొలగించాలని మసాచుసెట్స్ చట్టం అంటుంటే, చంటిపిల్లలున్నవాళ్ళకి ఇల్లివ్వకుండా తప్పించుకోజూసే యజమానులున్నారు, అది చట్టవిరుద్ధమైనా సరే. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఇది చట్టం వద్దనడానికి కారణం కాదు, ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న. కాలిఫోర్నియాలో కొన్ని కౌంటీలు, నగరాలు 2000లో మొదలైన దావాలో పట్టువిడవకుండా నిలబడి, 2019లో మూడు కంపెనీల నుంచి 30.5 కోట్ల డాలర్లకు రాజీ సాధించాయి. సరుకు అమ్మి లాభం తీసుకున్నవాళ్ళే శుభ్రం చేసే ఖర్చు పెట్టుకోవడం నా దృష్టిలో న్యాయం.

మన దేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 మించకూడదని 2016లో నియమాలు వచ్చాయి. అమెరికాలో ఇప్పుడున్న పరిమితీ అదే. అయితే ఆ నియమాలు కొత్త డబ్బాలకే వర్తిస్తాయి, తాతలనాటి తలుపుల మీదా ఊచల మీదా ఉన్న పొరలకి కాదు. కాబట్టి ఈసారి పండగకి రంగులు వేయించేవాళ్ళకి నా విన్నపం ఇది. డబ్బా మీద సీసం పరిమితి రాసి ఉందో లేదో చూసి కొనండి. పాత ఎనామిల్‌ని గరుకు కాగితంతో పొడిగా రుద్దనివ్వకండి, తడిపి గీకమని మేస్త్రీకి చెప్పండి, ఆ బట్టలతోనే ఇంటికెళ్ళి తన పిల్లల్ని ఎత్తుకోవద్దని కూడా చెప్పండి. పని పూర్తయి, ఇల్లు తడిగుడ్డతో తుడిచేదాకా మీ పిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ చుట్టాల ఇంటికి పంపండి.