కెమేరాకు వెలుగు కొలత

తెల్లని గోడ ముందు చామనచాయ బాలుని నిలిపి, కెమేరాను దాని యిష్టమునకు వదలి ఛాయాచిత్రము తీసినచో, గోడ బూడిదరంగుగను, బాలుని ముఖము నల్లగను పడుట తరచుగ కనబడును. కెమేరా చెడిపోలేదు. తనకు అప్పగించిన పనినే అది చేసినది. దృశ్యమంతయు సగటున నడిమి బూడిదరంగుదని, అనగా తనపై పడిన వెలుగులో సుమారు 18 శాతమును పరావర్తనము చేయునని భావించి అది లెక్క కట్టును. వస్తువునుండి వచ్చు వెలుగును కొలుచునే గాని, ఆ వస్తువు తెల్లనిదో నల్లనిదో దానికి తెలియదు.

1873లో ఆంగ్లేయుడైన విలబీ స్మిత్, సముద్రగర్భ తంతి తీగలను పరీక్షించు పనిలో, సెలీనియము యొక్క విద్యుత్ నిరోధము వెలుగులో తగ్గుటను గమనించి ప్రకటించెను. మూడేండ్లకు ఆడమ్స్, డే అనువారు వెలుగు సోకిన సెలీనియమునందు విద్యుత్తు తనంతట పుట్టునని చూపిరి. అయినను ఛాయాగ్రాహకులు అర్ధశతాబ్దికి పైగా అనుభవమును, పట్టికలను నమ్ముకొనియే పనిచేసిరి. 1932లో అమెరికాలోని వెస్టన్ కంపెనీ సెలీనియపు మీటరును అమ్మకమునకు తెచ్చెను. దాని ముల్లు చూపిన అంకెనుబట్టి కటకపు రంధ్రమును, షట్టరు కాలమును మనిషియే సరిచేయవలెను.

1938 నాటి కొడాక్ సూపర్ సిక్స్-20 లో రంధ్రమును సరిచేయు పనిని కెమేరాయే చేపట్టినది. మీట నొక్కగానే లోపలి ముల్లు ఉన్నచోటనే బిగిసిపోవును. అది నిలిచిన స్థానమునుబట్టి రంధ్రము పెద్దదో చిన్నదో అగును. చక్కని యుపాయమే, కాని వెల 225 డాలర్లు! వేయి కెమేరాలైనను తయారు కాలేదు. (వెలుగునుబట్టి తనంతట సర్దుకొను కెమేరాకు 1936లోనే ఐన్‌స్టీన్, తన మిత్రుడు డాక్టరు బకీతో కలిసి పేటెంటు పొందియుండెను.)

1963లో జపాను దేశపు టాప్కాన్ ఆర్.ఇ. సూపర్ కెమేరా, కటకము గుండ లోనికి వచ్చిన వెలుగునే కొలిచెను. కొలత నిక్కమైనది, తెలుపు నలుపుల చిక్కు మాత్రము తీరలేదు. సినిమా ఛాయాగ్రాహకులకు ఈ బాధ తక్కువ. తెల్లని గుల్ల గల మీటరును నటుని చెక్కిలి చెంత పట్టి, ముఖముపై పడు వెలుగునే వారు కొలువగలరు. దూరముననుండు కెమేరాకు ఆ యవకాశము లేదు, అది ఊహింపవలసినదే.

అట్లు ఊహించుట 1983లో నికాన్ ఎఫ్.ఎ. నేర్చెను. దృశ్యమును అయిదు భాగములుగ విడదీసి కొలిచి, అంతకుముందు పరిశీలించిన ఛాయాచిత్రముల అనుభవముతో పోల్చి చూచెను. పైభాగము మిక్కిలి వెలుగుచున్నచో అది ఆకాశము కావచ్చును గదా! 1996 నాటి ఎఫ్5 నందు భాగములు 1005. అది రంగులను గూడ గుర్తించెను.

నేటి ఫోను కెమేరాలో చిత్రమును గ్రహించు ఫలకమే మీటరు. అందలి కణము వానలో పెట్టిన గిన్నె వంటిది. నిండిన పిమ్మట ఎంత పొరలినను లెక్కకు రాదు. ఆకాశము ఒకసారి తెల్లబారినచో అందలి మబ్బులు మరల రావు. పొరలకుండ జాగ్రత్తపడినచో నీడలోని ముఖము మరింత నల్లబడును.

2005 తరువాత ముఖమును గుర్తించి దానికే ప్రాధాన్యమిచ్చు ఏర్పాటు వచ్చెను. కాని ముఖము ఎంత వెలుగుతో నుండవలెను? నల్లని ముఖమును నడిమి బూడిదరంగునకు ఈడ్చినచో దాని సహజవర్ణమే పోవును. చాలకాలము ఈ సంగతిని తగినంతగా పట్టించుకొనకుండుట కెమేరా తయారీదారుల లోపమే. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనులో, వివిధ చర్మవర్ణముల వారి చిత్రముల సాయమున ఈ లెక్కను దిద్దుటకు పూనుకొనెను.

తెల్లగోడ ముందు బడిపిల్లల చిత్రము తీయువారు మాత్రము ఎక్స్‌పోజరు సవరణను ప్లస్ గుర్తు వైపు ఒక మెట్టు జరిపినచో చాలును; ఫలకముపై పడు వెలుగు రెట్టింపై ముఖములు తేటపడును.